విశాఖలో ఉన్న తర్ముగ్లి, మాల్దీవుల హురవీ – రెండూ ఒకే నౌకా?

#1 సాగర్‌నగర్_శ్రీను

అందరికీ నమస్కారం. నౌకలంటే ఆసక్తే గానీ లోతుగా తెలిసినవాణ్ని కాదు. నా తికమక కాస్త తీర్చండి.

2023 డిసెంబరు 14న మన విశాఖ నేవల్ డాక్‌యార్డులో ఐఎన్ఎస్ తర్ముగ్లి అనే గస్తీ నౌకని నేవీలో చేర్చుకున్నారు. అది అంతకుముందు మాల్దీవుల కోస్ట్ గార్డులో హురవీ పేరుతో పనిచేసిందట. బాగానే ఉంది. కానీ ఇంకోచోట తర్ముగ్లిని 2005లోనే సీషెల్స్‌కి ఇచ్చేశామని రాశారు. మరోచోట 2016లో విశాఖలోనే తర్ముగ్లి ప్రారంభం అని ఫోటోలతో సహా ఉంది. ఇవి చాలవన్నట్టు హురవీ ఇప్పటికీ మాల్దీవుల్లోనే ఉందంటున్నారు. విశాఖలో ఉన్నదేంటి, మాలేలో ఉన్నదేంటి?

#2 పాత_నావికుడు

శ్రీను గారూ, తికమక పడటంలో మీ తప్పేం లేదు. నౌకకి ఆయుష్షు వేరు, పేరుకి ఆయుష్షు వేరు. ఒక నౌక వెళ్ళిపోగానే దాని పేరు ఇంకోదానికి పెట్టేయడం నేవీలో మామూలే. వరసగా చెప్తాను.

కోల్‌కతా గార్డెన్ రీచ్ నౌకల యార్డులో ట్రింకట్ తరగతి అని నాలుగు గస్తీ నౌకలు కట్టారు. ట్రింకట్, తిల్లాంచాంగ్, తరాసా, తర్ముగ్లి. అన్నీ అండమాన్ నికోబార్ దీవుల పేర్లే. 2000, 2001 సంవత్సరాల్లో నేవీలో చేరాయి. 46 మీటర్ల పొడవు, గట్టిగా తోలితే 30 నాట్లు. ముందు డెక్కు మీద ఒక 30 మిల్లీమీటర్ల గన్ను.

ఈ నాలుగింట్లో మూడు దీవుల దేశాలకే వెళ్ళాయి. తర్ముగ్లి 2005లో సీషెల్స్‌కి వెళ్ళి టోపాజ్ అయింది. తిల్లాంచాంగ్ 2006 ఏప్రిల్‌లో మాల్దీవులకి వెళ్ళి హురవీ అయింది. అప్పటి రక్షణ మంత్రి ప్రణబ్ ముఖర్జీ స్వయంగా మాలే వెళ్ళి అప్పగించారు. తరాసా 2014లో మళ్ళీ సీషెల్స్‌కే, కాన్‌స్టంట్ పేరుతో.

అలా ఖాళీ అయిన మూడు పేర్లనీ తర్వాత వచ్చిన వాటర్‌జెట్ (నీళ్ళని వెనక్కి చిమ్ముతూ నడిచే) నౌకలకి పెట్టారు. మీరు 2016 ఫోటోల్లో చూసింది ఆ రెండో తర్ముగ్లి. 2023 మేలో అది మాల్దీవులకి వెళ్ళింది, అదే ఇప్పటి హురవీ. దానికి బదులుగా పాత హురవీ మన దగ్గరికి తిరిగొచ్చింది. వచ్చినదానికి తన పాత పేరు పెడదామంటే తిల్లాంచాంగ్ అప్పటికే ఇంకో నౌకకి ఉంది. ఖాళీగా ఉన్నది తర్ముగ్లి. విశాఖ డాక్‌యార్డులో బాగుచేసి ఆ పేరుతో చేర్చుకున్నారు.

కాబట్టి విశాఖలో ఉన్నది 2001లో తిల్లాంచాంగ్, ఆ తర్వాత 17 ఏళ్ళు హురవీ, ఇప్పుడు తర్ముగ్లి. మాలేలో ఉన్నది 2016 నాటి తర్ముగ్లి, ఇప్పుడు హురవీ.

#3 భీమిలి_కుర్రోడు

బాబాయ్, మా ఇంట్లో అన్నదమ్ముల పిల్లలందరికీ తాతగారి పేరే. ఎవరినైనా పిలిస్తే నలుగురు పలుకుతారు. నేవీవాళ్ళూ మావాళ్ళేనన్నమాట 😂

#4 సూటిగా

పేర్ల సంగతి తేలింది, సంతోషం. నాది ఇంకో ప్రశ్న. మన పన్నుల డబ్బుతో కట్టిన నౌకని నాలుగైదేళ్ళు కూడా వాడుకోకుండా ఇచ్చేయడం ఏంటి? 2001లో చేరింది 2006కల్లా వెళ్ళిపోయింది. 17 ఏళ్ళు వాళ్ళు వాడుకుని ముసలిదయ్యాక మనకి ఇచ్చారు, మనం వాళ్ళకి ఇంకో మంచిది ఇచ్చాం. పెళ్ళిలో పెట్టుబడి చీరలు కూడా ఇంత ఉదారంగా పంచరు.

మన దగ్గర మాత్రం గస్తీ బోట్లు ఎక్కువై పడి ఉన్నాయా?

#5 లెక్కల_మాస్టారు

సూటిగా గారూ, కోపం పక్కనబెట్టి మ్యాపు ఒకసారి తెరవండి.

మాల్దీవుల భూమి అంతా కలిపితే 300 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. మన ఒక మండలం అంత. కానీ ఆ భూమి దాదాపు 1,190 దీవులుగా చిందరవందరగా పడి ఉంది. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకి సుమారు 870 కిలోమీటర్లు. ఇచ్ఛాపురంలో బండెక్కి తడలో దిగినట్టు. చుట్టూ వాళ్ళకి హక్కున్న సముద్రం దాదాపు 9 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే 2.75 లక్షలు. అంటే మన రెండు రాష్ట్రాలకి మూడింతలు పైనే.

ఇప్పుడు బోటు లెక్క. 30 నాట్లంటే గంటకి 55 కిలోమీటర్లు. ఆ వేగంతో కొస నుంచి కొసకి 16 గంటలు. కానీ ఏ కెప్టెనూ అలా తోలడు. ఇలాంటి నౌకకి వేగం రెట్టింపు చేస్తే ఇంజిన్ల నుంచి కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లవుతుంది, డీజిల్ దాన్ని బట్టే తాగుతుంది. అందుకే గస్తీ అంతా 12, 14 నాట్ల దగ్గరే. 14 నాట్లకి అదే దూరం 33 గంటలకి పైమాట.

అంటే నౌక ఉత్తరాన ఉన్నప్పుడు దక్షిణాన ఏదైనా జరిగితే, కబురందిన మర్నాటికి గానీ అక్కడికి చేరదు. ఒక్క పెద్ద గస్తీ నౌకతో ఆ దేశం 17 ఏళ్ళు నెట్టుకొచ్చింది. మనకి నౌకలు ఎక్కువయ్యాయా అని మీరడిగారు. వాళ్ళకి ఎన్ని తక్కువయ్యాయో కూడా అడగాలి కదా.

#6 సూటిగా

మాస్టారూ, వాళ్ళకి అవసరమే, కాదనను. నేనడిగింది మనకేం లాభమని.

#7 పాత_నావికుడు

లాభమా, 1988 గుర్తు తెచ్చుకోండి. నవంబరు 3న శ్రీలంక తమిళ మిలిటెంట్ సంస్థ ప్లోట్‌కి చెందిన కిరాయి మూక మాలేలో దిగి ప్రభుత్వాన్ని కూలదోయబోయింది. మనవాళ్ళు ఆగ్రా నుంచి విమానాల్లో పారాచూట్ దళాన్ని దింపారు. దాడి చేసినవాళ్ళు బందీలతో సహా ప్రోగ్రెస్ లైట్ అనే సరుకు ఓడెక్కి పారిపోతుంటే సముద్రంలో అడ్డుకున్నది మన ఐఎన్ఎస్ గోదావరి, ఐఎన్ఎస్ బేత్వా. ఆ రోజు మాల్దీవులకి పారిపోయే ఓడని వెంటాడేంత నౌకే లేదు. మళ్ళీ అలాంటిది జరిగితే మొదటి కొన్ని గంటలైనా వాళ్ళే నిలబడగలగాలి. ఇవ్వడం వెనక లెక్క అది.

2004 సునామీలోనూ ముందుగా చేరింది మనవాళ్ళే. దాని తర్వాత రెండేళ్ళలోపే హురవీని ఇచ్చారు.

#8 సాగర్‌నగర్_శ్రీను

గురువుగారూ, మరి ఆ 17 ఏళ్ళలో హురవీ నిజంగా ఏమైనా చేసిందా? లేక జెండా పండగలకి జెట్టీ దగ్గర నిలబెట్టేవాళ్ళా?

#9 పాత_నావికుడు

చేసింది. చేరిన ఏడాదికే కాల్పుల దాకా వెళ్ళింది. 2007 మేలో మాల్దీవుల దక్షిణ దీవుల వైపు ఒక ట్రాలర్ అనుమానంగా తిరుగుతోంది. దగ్గరికి వెళ్ళిన స్థానిక చేపల పడవ మీద దాన్నుంచి కాల్పులు జరిగాయి. కోస్ట్ గార్డు వెళ్ళి లొంగిపొమ్మంది. గంటల తరబడి బేరాలు నడిచాయి గానీ వాళ్ళు లొంగలేదు, ఎదురు కాల్చారు. చివరికి హురవీ దాన్ని ముంచేసింది. నీళ్ళలో దూకిన ఐదుగురిని పైకి లాగారు.

ఆ ట్రాలర్ తమిళనాడు జాలర్లది, పేరు శ్రీకృష్ణ. అంతకు రెండు నెలల ముందే జాలర్లతో సహా మాయమైంది. ఎల్‌టీటీఈ ఎత్తుకుపోయిందని విచారణలో బయటపడింది. బయటికి తీసినవాళ్ళలో ఆ ట్రాలర్ నడిపే మన జాలరి కూడా ఉన్నాడు. ఎల్‌టీటీఈ తమకేం సంబంధం లేదంది, అది వేరే సంగతి.

సూటిగా గారూ, ఆ నౌక అక్కడ లేకపోతే ఆ ట్రాలర్ ఎవరి సరుకుతో ఎటు వెళ్ళేదో మీరే ఊహించుకోండి.

#10 ఎద్దుమైలారం_బిడ్డ

అన్నా, ఇందాక 30 మిల్లీమీటర్ల గన్ను అన్నరు గదా, అది మా సంగారెడ్డి పక్కన తయారైన సరుకే. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మెదక్. మా దిక్కు అందరు ఫ్యాక్టరీ అంటే అదే. శరత్ అనే సైనిక బండికి పెట్టే గన్నునే నౌకకి సరిపోయేటట్టు మార్చిండ్రు. నేవీల దాన్ని మెదక్ గన్ అనే పిలుస్తరు.

సముద్రం మొఖం చూడని ఊరిల చేసిన గన్ను మాల్దీవులల్ల పేలిందంటే మా కాలనీల సగం మంది నమ్మరు.

#11 పాత_నావికుడు

బాగా గుర్తుచేశావు తమ్ముడూ. నిమిషానికి 500కి పైగా గుళ్ళు పోతాయి. కానీ ఊగే డెక్కు మీద నుంచి ఊగే పడవని కొట్టడం వేరే విద్య. గన్ను ఎంత మంచిదైనా గన్నర్ చేతిలో ఉంటుంది పని.

#12 ద్వీపదర్శి

హురవీ తోబుట్టువు టోపాజ్ కథ ఇంకా గట్టిది. ఇక్కడ చాలామందికి తెలియకపోవచ్చు.

సీషెల్స్‌లో 115 దీవులు, జనాభా లక్ష చిల్లర. సముద్రం మాత్రం 13 లక్షల చదరపు కిలోమీటర్లు దాటింది. 2009, 2010 రోజుల్లో సోమాలియా దొంగలు అక్కడిదాకా వచ్చేశారు. ఆ దేశానికి ట్యూనా చేపలూ, పర్యాటకులూ రెండే ఆదాయం. రెండూ సముద్రం మీదే ఆధారపడ్డాయి.

2010 మార్చి చివర్లో దొంగలు ఒక ఇరాన్ చేపల పడవని పట్టుకుని, అందులోనే ఆరుగురు సీషెల్స్ జాలర్లని కూడా బందీలుగా ఎక్కించుకుని సోమాలియా వైపు పోతున్నారు. టోపాజ్ అడ్డంగా వెళ్ళింది. హెచ్చరించారు, ఆగలేదు. ఇంజిన్‌ని గురిపెట్టి కొట్టారు. పడవకి నిప్పంటుకుంది, బందీలు నీళ్ళలో దూకారు. 21 మంది ఇరానీయులు, 6గురు సొంత జాలర్లు, మొత్తం 27 మందినీ టోపాజ్ ఎక్కించుకుంది.

కథ అక్కడితో అవలేదు. ఇంటికి తిరిగొస్తుంటే ఇంకో దొంగల ట్రాలరూ, దాని చిన్న పడవలూ టోపాజ్ మీదికే వచ్చాయి. మామూలు ఓడ అనుకున్నారో ఏమో. టోపాజ్ ట్రాలర్‌నీ ఒక చిన్న పడవనీ ముంచేసింది. ఆలోచించండి, 46 మీటర్ల బోటు. దాని మీద సిబ్బందికి తోడు అప్పుడే సముద్రంలోంచి తీసిన 27 మంది. వాళ్ళతోనే రెండో పోరు.

ఆ టోపాజే శ్రీను గారు మొదట చదివిన 2005 నాటి తర్ముగ్లి.

#13 భీమిలి_కుర్రోడు

సీషెల్స్ వాళ్ళకి సెల్యూట్. దీని మీద సినిమా ఎందుకు తీయలేదు?

#14 అటోల్_టీచరమ్మ

నేను మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడిలో లెక్కలు చెప్పాను. మీరందరూ కాల్పుల గురించే మాట్లాడుతున్నారు. అక్కడి జనానికి కోస్ట్ గార్డ్ అంటే గన్ను గుర్తురాదు.

మా దీవి ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే బడి పీరియడ్ అంత సేపు పట్టదు. ఆసుపత్రి అంటే హెల్త్ సెంటర్, ఒక డాక్టరు. కాన్పు కష్టమైనా, గుండె నొప్పి వచ్చినా అటోల్‌లోని, అంటే ఆ దీవుల గుంపులోని, పెద్ద ఆసుపత్రికి, అక్కడా కాకపోతే మాలేలోని ఇందిరాగాంధీ ఆసుపత్రికి పంపాలి. సముద్రం బాగుంటే స్పీడ్ బోటు. మే నెల నుంచి నైరుతి గాలి మొదలవుతుంది, వాళ్ళు హుళంగు అంటారు. ఆ రోజుల్లో స్పీడ్ బోటు వాళ్ళు చేతులెత్తేస్తారు. అప్పుడు ఆఫీసువాళ్ళు కోస్ట్ గార్డుకి ఫోన్ చేసేవాళ్ళు.

ఇంకోటి చెప్తాను. అక్కడ చేపలు వలతో కాదు, గాలం కర్రతో ఒక్కొక్కటీ పడతారు. మగవాళ్ళు చీకటితో ధోనీ, అంటే వాళ్ళ చేపల పడవ, వేసుకుని వెళ్తారు. సాయంత్రం ఏదైనా ధోనీ రాలేదంటే ఊరంతా జెట్టీ మీదే. ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఒకడు వైర్‌లెస్ సెట్టు చేతిలో పట్టుకుని పిలుస్తూనే ఉంటాడు. ఎక్కువసార్లు ఇంజిన్ ఆగిపోయి కొట్టుకుపోతూ ఉంటుంది, పక్క దీవి వాళ్ళే లాక్కొస్తారు. దొరక్కపోతేనే కోస్ట్ గార్డు. మా క్లాసులో ఒక పిల్లాడు మర్నాడు బడికొచ్చి, వాళ్ళ నాన్నని బూడిదరంగు ఓడ తీసుకొచ్చిందని బొమ్మ వేసి చూపించాడు. ఓడకి వాడు గన్ను వేయలేదు, పెద్ద తాడు వేశాడు.

#15 లెక్కల_మాస్టారు

టీచరమ్మగారూ, మంచి మాట చెప్పారు. ప్రతి గస్తీ నౌక లెక్కల్లో పట్టుకున్న దొంగల సంఖ్య రాస్తారు, లాక్కొచ్చిన ధోనీల సంఖ్య రాయరు.

#16 సూటిగా

అందరూ కలిసి నన్ను విలన్ని చేశారు, పర్లేదు 🙂 టోపాజ్ కథ చదివాక ఇవ్వడం తప్పనను. కానీ మాల్దీవుల సంగతి చూడండి. 2023 మేలో మనం నౌక ఇచ్చాం. నవంబరులో ముయిజ్జు అధ్యక్షుడయ్యారు, భారత సైనికులు వెళ్ళిపోవాలన్నారు. 2024 మే 10 కల్లా మనవాళ్ళు వచ్చేశారు. ఆ తర్వాత టర్కీ నుంచి వాళ్ళ నేవీ వాడిన పాత బోటు తెచ్చుకున్నారు. ఇదా కృతజ్ఞత?

#17 అటోల్_టీచరమ్మ

సూటిగా గారూ, వెనక్కి వచ్చింది మన హెలికాప్టర్లనీ డోర్నియర్ విమానాన్నీ చూసుకునే సైనికులు. వాళ్ళ స్థానంలో మన సివిల్ టెక్నీషియన్లే వెళ్ళారు. హురవీని నడిపేది మొదటినుంచీ మాల్దీవుల సిబ్బందే, అది ఎక్కడికీ పోలేదు.

ఇంకో మాట. చేతిలో ఏమీ లేని చిన్న దేశం ఒక్కరి మీదే ఆధారపడకూడదనుకోవడం నాకైతే ద్రోహంగా అనిపించదు. నలుగురి దగ్గరా తీసుకుంటారు. మనమైనా అదే చేస్తాం.

#18 పాత_నావికుడు

రాజకీయం నాకు చేతకాదు. ఇంజిన్ రూములో పనిచేసినవాణ్ని, ఆ భాషలో చెప్తాను.

నౌక ఇవ్వడం పెద్ద విషయం కాదు. ఇచ్చిన నౌక ఐదో ఏట కూడా సముద్రంలోకి వెళ్తోందా అన్నదే విషయం. ఇలాంటి చిన్న గస్తీ నౌకల్లో ఇంజిన్లు పెద్దవి, చోటు చిన్నది. ఎండాకాలం కింద నిలబడితే చెప్పుల్లోకి చెమట కారుతుంది. చల్లబరచడానికి ఉప్పునీళ్ళు తిప్పుతారు, ఆ పైపులు లోపల్నుంచి తినేస్తాయి. అడుగున సముద్రపు గుల్ల అంటుకుంటుంది, దాంతో వేగం తగ్గుతుంది, అదే వేగానికి డీజిల్ ఎక్కువ తాగుతుంది. దాన్ని గీకాలంటే నౌకని నీళ్ళలోంచి పైకి తీయాలి. అంటే డాక్ కావాలి. ఇంజిన్ ఇన్ని గంటలు తిరిగాక విప్పి చూడాలని లెక్క ఉంటుంది. ఆ గంటలు దాటించి నడిపితే ఇవాళ కాకపోతే రేపు నడిసముద్రంలో ఆగుతుంది.

చిన్న దేశానికి పెద్ద డాకు ఉండదు. పంపు సీలు ఒకటి పోయినా విదేశం నుంచి రావాలి. మంచి మెకానిక్‌ని తయారుచేస్తే వాడికి రిసార్టుల్లో జనరేటర్లు చూసుకునే ఉద్యోగం రెట్టింపు జీతంతో దొరుకుతుంది. అందుకే పాత హురవీకి రీఫిట్లు (డాక్‌లో పెట్టి చేసే పెద్ద మరమ్మతులు) కావలసినప్పుడల్లా మన డాక్‌యార్డులే దిక్కు. ఇప్పుడున్న హురవీకి కూడా పూర్తిగా మన ఖర్చుతో రీఫిట్ చేస్తామని 2024 అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీ వచ్చినప్పుడు ఒప్పుకున్నాం. అంతకుముందు ఏడాదే కదా సైనికులు వెళ్ళిపోవాలన్నారు! మాటలు ఎలా ఉన్నా నౌకకి రీఫిట్ వేళ వచ్చేసరికి ఇటే చూడాల్సి వచ్చింది.

సూటిగా గారు అడిగిన లాభం నా ఉద్దేశంలో ఇదే. నౌక ఇచ్చిన రోజు దండలూ ఫోటోలే. ఆ తర్వాత స్పేర్లు, రీఫిట్, సిబ్బంది శిక్షణ ఇవన్నీ ఇరవై ఏళ్ళ బంధం.

#19 సూటిగా

ఇది ఒప్పుకుంటాను. ‘వాళ్ళు మనల్ని వదల్లేరు’ అనే మాట మర్యాదగా చెప్పారు.

#20 పాత_నావికుడు

మర్యాద కాదండీ, రెండు వైపులా అదే. రీఫిట్ మనం ఆలస్యం చేస్తే వాళ్ళ సముద్రం ఖాళీ. అందుకే వాళ్ళు టర్కీ వైపు చూస్తారు. ఇరవై ఏళ్ళ బంధం అంటే మన డాక్‌యార్డు కూడా టైముకి పని చేసిపెట్టాలని అర్థం.

#21 పెర్త్_ప్రసాద్

ఆస్ట్రేలియా నుంచి ఒక మాట. ఇక్కడ ఇదే పని ఎప్పటినుంచో ఉంది. 1987 నుంచి 1997 దాకా పసిఫిక్ దీవుల దేశాలకి 22 గస్తీ బోట్లు ఉచితంగా ఇచ్చారు. అవి ముసలివయ్యాక ఇప్పుడు గార్డియన్ తరగతి అని కొత్తవి ఇస్తున్నారు, 39.5 మీటర్లవి. మా పెర్త్ దగ్గర హెండర్సన్‌లో ఆస్టాల్ యార్డులో కడతారు. మొదటిది 2018లో పాపువా న్యూగినీకి వెళ్ళింది.

తేడా ఎక్కడంటే, వీళ్ళు బోటు ఒక్కటే ఇచ్చి వదిలేయరు. మరమ్మతులూ శిక్షణా అదే పథకంలో భాగం, నేవీ సలహాదారులు ఆ దేశంలోనే ఉంటారు. పాత నావికుడు గారు చెప్పినదాన్ని వీళ్ళు మొదటే కాగితం మీద పెట్టారు.

అలాగని అంతా సాఫీగా జరిగిందనుకోకండి. 2021 ఆగస్టులో సమోవా వాళ్ళ కొత్త బోటు నఫనువా రాళ్ళకెక్కి ఇక బాగుచేయడానికి పనికిరాకుండా పోయింది. 2022లో ఈ తరగతి బోట్లలో పొగగొట్టాల దగ్గర పగుళ్ళు బయటపడ్డాయి. పొగ లోపలికి వస్తే సిబ్బంది ప్రాణాలకే ముప్పు. తువాలుది మరీ పాపం. మొత్తం దేశం 26 చదరపు కిలోమీటర్లు, జనం పదకొండు వేల మంది. వాళ్ళ బోటు తె మటాయిలి 2023లో వనువాటులో ఉండగా తుపాన్లలో దెబ్బతిని పనికిరాకుండా పోయింది. మళ్ళీ కొత్తది చేతికి వచ్చేసరికి 2024 అక్టోబరు అయింది. అన్నాళ్ళూ అంత సముద్రానికి సొంత గస్తీ బోటే లేదు.

#22 లెక్కల_మాస్టారు

ఒక్కటే బోటు ఉంటే చిక్కదే. ఒకటి రీఫిట్‌లో ఉంటే ఇంకోటి సముద్రంలో ఉండాలి, మూడోది ఉంటే మరీ మంచిది. సీషెల్స్‌కి మనం 2014లో కాన్‌స్టంట్ ఇచ్చి, 2021 ఏప్రిల్‌లో మళ్ళీ జొరాస్టర్ అని కొత్త నౌక ఇవ్వడానికి కారణం అదే అనుకుంటాను. జొరాస్టర్ 48.9 మీటర్లు, ఖరీదు 100 కోట్లు. ఇది నేవీ వాడిన పాతది కాదు, వాళ్ళ కోసమే గార్డెన్ రీచ్‌లో కట్టింది.

మాల్దీవులకి 2019లో కామియాబ్ అనే చిన్న వేగపు బోటు ఇచ్చారు గానీ అది తీరానికి దగ్గర పనులకే.

#23 ద్వీపదర్శి

మారిషస్‌నీ కలపండి. అక్కడి బారకుడా 2015 మార్చిలో పోర్ట్ లూయిస్‌లో మోదీ ప్రారంభించారు. అదీ గార్డెన్ రీచ్‌దే, మన దేశం విదేశానికి కట్టి ఇచ్చిన మొదటి యుద్ధనౌక. ఇది ఉచితం కాదు, మన రుణంతో వాళ్ళు కొనుక్కున్నారు. కొనుక్కున్నవాడు తన అవసరాన్ని బట్టి ఆర్డరిస్తాడు. బారకుడా 74 మీటర్లు, దూర దీవులకి సరుకులూ మనుషులూ మోయగలిగేలా కట్టించుకున్నారు. ఉచితంగా వచ్చినదాంట్లో ఆ వెసులుబాటు ఉండదు, ఇచ్చేవాడి దగ్గర ఏది ఉంటే అదే తీసుకోవాలి.

సూటిగా గారూ, మీ తర్వాతి ప్రశ్నకి ముందే జవాబు ఇచ్చేశాను చూడండి.

#24 సూటిగా

ఇవ్వండి, ఇంకా ఉన్నాయి. నౌక ఉంది, రీఫిట్ మన దగ్గర. మరి మాల్దీవుల్లోనే ఒక రేవు, రిపేరు యార్డు కట్టించి ఇస్తే ప్రతిసారీ ఇంతదూరం రానక్కర్లేదు కదా?

#25 అటోల్_టీచరమ్మ

కడుతున్నారు. మాలే పక్కన ఉతురు తిలఫల్హు అనే చోట కోస్ట్ గార్డు రేవూ మరమ్మతుల కేంద్రం. 2021 ఫిబ్రవరిలో ఒప్పందం, 2023 మేలో రాజ్‌నాథ్ సింగ్ వెళ్ళినప్పుడే శంకుస్థాపన. కొత్త హురవీ అప్పగించిందీ ఆ పర్యటనలోనే. కానీ అక్కడ ‘ఇండియా అవుట్’ గొడవలో ఎక్కువ తిట్లు తిన్నదీ ఈ రేవే. రేవు పేరుతో మన సైన్యం తిష్ఠ వేస్తుందని ప్రచారం చేశారు. టీ కొట్ల దగ్గర నన్ను కూడా అడిగేవాళ్ళు, టీచర్, మీవాళ్ళు వస్తారా అని. నాకేం తెలుసు, నేను భిన్నాలు చెప్పుకునేదాన్ని.

#26 మోడరేటర్

సభ్యులకి మనవి. దేశాల రాజకీయాల మీద వేరే దారం ఉంది, రెండు వ్యాఖ్యలు అక్కడికి తరలించాను. ఇక్కడ నౌకల గురించే మాట్లాడుకుందాం. చర్చ బాగుంది, చెడగొట్టుకోవద్దు.

#27 సాగర్‌నగర్_శ్రీను

అందరికీ ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం. పాతికేళ్ళకి దగ్గరపడ్డ నౌకని మన నేవీ మళ్ళీ ఎందుకు చేర్చుకుంది? తుక్కుకి అమ్మేయొచ్చు కదా.

#28 పాత_నావికుడు

ఒళ్ళు గట్టిగా ఉంటే అమ్మరు. తరచి చూస్తారు: అడుగు రేకు ఎంత మందం మిగిలింది, ఇంజిన్లకి స్పేర్లు దొరుకుతాయా, షాఫ్టులు నిటారుగా ఉన్నాయా అని. అదే తరగతి నౌక ట్రింకట్ మన దగ్గర పనిచేసింది కాబట్టి దాని రోగాలన్నీ డాక్‌యార్డుకి తెలుసు. కొత్తది కట్టాలంటే ఏళ్ళు పడుతుంది, 26/11 తర్వాత తీరం కాపలాకి ఎన్ని బోట్లున్నా చాలడం లేదు. తూర్పు తీరంలో కాపలాకి, ఓడరేవుల ముందు తిరగడానికి, చమురు రిగ్గుల వైపు చూడటానికి 46 మీటర్ల నౌక సరిపోతుంది. పెద్ద యుద్ధనౌకని ఆ పనికి పంపితే డీజిల్ దండగ.

#29 ఎద్దుమైలారం_బిడ్డ

అంటే మా గన్ను మాల్దీవులు తిరిగి మళ్ళ విశాఖకి వచ్చిందన్నట్టు. పాతదే ఉన్నదా, మార్చిండ్రా?

#30 పాత_నావికుడు

రీఫిట్‌లో ఏం మార్చారో బయట చెప్పరు తమ్ముడూ. నేనూ రిటైరైనవాణ్నే.

#31 సూటిగా

సరే, నా మాట చివరిగా. ఇవ్వండి, తప్పులేదు. కానీ నౌక ఇచ్చిన రోజే రాబోయే పదేళ్ళ రీఫిట్ ఖర్చు, స్పేర్ల ఖర్చు కూడా కలిపి ‘ఇదీ మేమిస్తున్నది’ అని పార్లమెంటుకి చెప్పాలి. ప్రసాద్ గారు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. మాస్టారూ, ఈ నౌకలు ఏడాదికి ఎన్ని రోజులు నిజంగా సముద్రంలో ఉంటున్నాయో లెక్క ఎక్కడైనా దొరుకుతుందా?

#32 లెక్కల_మాస్టారు

దొరకదండీ. మామూలు ఓడలైతే ఎక్కడున్నాయో చెప్పే సిగ్నల్ పంపుతుంటాయి, అది నెట్‌లో కనిపిస్తుంది. గస్తీ నౌకలు ఆ సిగ్నల్ ఆపేసుకుని తిరుగుతాయి, దొంగలకి ముందే తెలిసిపోతుందిగా. పత్రికల్లో వచ్చే విన్యాసాల వార్తలు ఏరుకోవాలి. భారత్, మాల్దీవుల కోస్ట్ గార్డులు 1991 నుంచి చేస్తున్న దోస్తీ విన్యాసాల్లో హురవీ కనబడిన ఏళ్ళు వెతుకుతున్నాను. కనబడిన ఏడాది ఆ రోజుకైనా నడిచే స్థితిలో ఉందని అర్థం. జాబితా తయారైతే ఇక్కడే పెడతాను, టీచరమ్మగారూ మీరూ మీ కాలంలో చూసిన ఏడాదులు చెప్పండి.

#33 అటోల్_టీచరమ్మ

చెప్తాను మాస్టారూ. మా పాత విద్యార్థి ఒకడు ఇప్పుడు కోస్ట్ గార్డులోనే ఉన్నాడు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు అడుగుతాను. చెప్పకూడనిది చెప్పడు, చెప్పగలిగింది చెప్తాడు.